సామ్రాజ్యము పోయిన పిదప శిలలు

ఢిల్లీలో ఇండియా గేటును దాటి తూర్పుగా నడచినచో, 73 అడుగుల ఎత్తున, ఇసుకరాతి స్తంభములమీద గొడుగువలె నిలిచిన మంటప మొకటి కనబడును. 1939లో ఆ గొడుగు క్రింద ఐదవ జార్జి చక్రవర్తి పాలరాతి విగ్రహమును నిలిపిరి. అప్పటికి ఆ చక్రవర్తి కాలముచేసి మూడేండ్లు గడచినవి. ఆయన వంశమువారి ఏలుబడికి ఈ దేశమున ఇంక ఎనిమిదేండ్లే మిగిలియున్నవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటకూడ ఇరువది సంవత్సరములకు పైగా ఆ రాతిదొర అక్కడనే నిలిచి, తన కిరీటమునకు నమస్కరింపని ప్రజలు తన యెదుట తిరుగాడుచుండగా చూచుచుండెను. 1968లో ఆయనను నగరపు ఉత్తరపు కొసనున్న కారొనేషన్ పార్కునకు తరలించిరి. అది మొదలు 2022 వరకు, అనగా 54 ఏండ్లు, గొడుగు మాత్రమే మిగిలినది. గొడుగు క్రింది మనిషి లేడు.

నేను చూచిననాడు అది ఆ విధముగా ఖాళీగానే యుండెను. మా ప్రక్కనే తండ్రి చేయి పట్టుకొని వచ్చిన ఒక పిల్లవాడు తల పైకెత్తి, "ఇందులో దేవుడు ఏడీ నాన్నా?" అని అడిగెను. మంటపమన్న తరువాత లోపల ఎవరో ఒకరు ఉండవలయునన్నది వాని లెక్క. తండ్రి చెప్పుటకు ఆరంభించెను: పూర్వము ఇంగ్లండు రాజొకడు ఉండెడివాడని, మనము తీసివేసితిమని, ఎందులకు తీసివేసితిమో అని. ఆ బిడ్డ చరిత్రపాఠము ఆ శూన్యము వలన మొదలైనది. నిలిపిన విగ్రహము ఎన్నడును ఇంత మాట పలికించియుండదని నాకు ఆనాడు తోచినది. నేటికిని ఆ అభిప్రాయము మారలేదు.

స్మారకములు జ్ఞాపకము కొఱకు కట్టుదురని మనము సాధారణముగా అనుకొందుము. అది సగము నిజము. ఏలికలు కట్టించిన స్మారకమునకు రెండు పనులుండును. ఒకదానిని చూపుట మొదటిది. దానిని చూపుటచేత, దాని ప్రక్కనున్న మఱియొక దానిని మరపించుట రెండవది. రెండవ పని కంటికి కనబడదు గనుకనే బలమైనది. చదువు రానివాడును, చరిత్రగ్రంథము తెఱవనివాడును, బజారున కూరగాయలు కొనిపోవుచు దినదినము చూచెడి రాయి అది. చూడగా చూడగా, ఆ రాయి చెప్పినదే జరిగినదనియు, చెప్పనిది జరుగలేదనియు మనస్సు నమ్మును.

ఈ రెండవ పనికి కలకత్తాలోని హాల్వెల్ స్తంభముకంటె మంచి ఉదాహరణము నాకు తెలియదు. 1756 జూన్ 20న బెంగాలు నవాబు సిరాజుద్దౌలా ఫోర్ట్ విలియం కోటను పట్టుకొనెను. ఆ రాత్రి 18 అడుగుల పొడవును, 15 అడుగులకు లోబడిన వెడల్పును గల చెఱగదిలో 146 మందిని క్రుక్కగా, తెల్లవారునప్పటికి 123 మంది ఊపిరాడక మరణించిరని, బ్రదికి బయటపడిన హాల్వెల్ అను కంపెనీ ఉద్యోగి వ్రాసెను. అంతమంది ఆ గదిలో పట్టుట సాధ్యమా యని తరువాతి చరిత్రకారులు గట్టిగా సందేహించి, సంఖ్య చాల తక్కువయే యని తేల్చిరి. చచ్చినవారు కొందఱు చచ్చిన మాట నిజము. ఎందఱైనను అది ఘోరమే. హాల్వెల్ తన సహచరుల కొఱకు ఇటుకలతో ఒక స్తంభము కట్టించెను. అది దుఃఖముతో కట్టిన కట్టడము. దానిని తప్పు పట్టుటకు నాకు మనసొప్పదు.

గమనింపవలసినది తరువాతి కథ. ఆ ఇటుకల స్తంభము పట్టించుకొనువారు లేక శిథిలమై, పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదముననే తొలగిపోయినది. ఎనుబదేండ్లపాటు ఇంగ్లీషువారికి దాని లోటు తోచలేదు. కాని 1902లో కర్జన్ ప్రభువు, దేశమున జాతీయభావము మొలకలెత్తుచున్న కాలమున, ఆ స్తంభమును పాలరాతితో మరల నిలిపించెను. ఘటన జరిగిన నాలుగేండ్లకు కట్టినది శోకచిహ్నము. 146 ఏండ్లకు కట్టినది రాజనీతి. "మీ నవాబులు క్రూరులు, కనుక మేము రావలసివచ్చినది" అను వాక్యమును ఆ పాలరాయి అక్షరము లేకుండ చెప్పెను. ప్లాసీ యుద్ధమున నవాబు సేనాని మీర్జాఫరును లోబఱచుకొనుటకు జరిగిన కుట్రయు, ఆ తరువాత బెంగాలు ఖజానానుండి కంపెనీ అధికారుల సంచులలోనికి పోయిన ధనమును ఏ స్తంభము మీదను చెక్కబడలేదు. చెఱగది కథ ఒక తెరవలె వాని ముందు వ్రేలాడినది.

1940లో ఆ తెరను లాగివేయుటకు పూనుకొన్నవాడు సుభాష్ చంద్రబోసు. హిందువులను, ముస్లిములను ఒక్క కోరిక మీద కూడగట్టి, స్తంభమును తొలగింపవలెనని ఆయన ఉద్యమము నారంభింపగా, జూలై 2న ప్రభుత్వము ఆయనను నిర్బంధించెను. మనిషి జైలునకు పోయెను గాని, ఆ స్తంభమునుకూడ ప్రభుత్వము నడివీధినుండి తీసి సెయింట్ జాన్ చర్చి ఆవరణలోనికి పంపక తప్పినది కాదు. నేటికిని అది అక్కడ, సమాధుల నడుమ, చెట్లనీడలో నున్నది. నిజమునకు దానికి తగిన చోటు మొదటినుండి అదియే. చచ్చినవారి కొఱకు కట్టినది చచ్చినవారి నడుమ నుండుట న్యాయము.

ఒక సామ్రాజ్యస్మారకమును తీయుమన్నందుకు చెఱకు పోయిన ఆ మనిషియే, 82 ఏండ్ల తరువాత, 2022 సెప్టెంబరు 8న, మఱియొక సామ్రాజ్యస్మారకపు గొడుగు క్రింద నల్లరాతి విగ్రహమై నిలిచెను. ఐదవ జార్జి నిలిచిన చోటనే నేడు నిలిచియున్న 28 అడుగుల నేతాజీ విగ్రహము మన ఖమ్మమునుండి వెళ్లిన రాయి. 280 టన్నుల ఏకశిలను 140 చక్రముల బండిమీద నెక్కించి 1,665 కిలోమీటర్లు నడిపించిరి. తెలుగునేల గర్భములోనుండి వచ్చిన ఆ రాయి చక్రవర్తి ఖాళీచేసిన గొడుగు క్రింద నీడ పట్టినదన్న మాట విన్నప్పుడు ఒడలు పులకరించినది. అయినను ఒక్క చింత నన్ను వీడదు. ఇకమీదట ఆ మంటపము క్రింద ఏ పిల్లవాడును "ఇందులో ఎవరుండిరి?" అని అడుగడు. నేతాజీ పాదముల దగ్గఱ, ఇక్కడ పూర్వము ఎవరు నిలిచిరో, ఎప్పుడు తీసివేసిరో చెప్పు నాలుగు పంక్తుల ఫలక మొకటి యుండిన, ఆ విగ్రహపు గౌరవము తగ్గదు, ఇనుమడించును. 1877లోను, 1903లోను, 1911లోను దర్బారులు జరిగిన ఆ కారొనేషన్ పార్కులో నేడు జార్జిచక్రవర్తిని చూచుటకు పోవువారు బహు స్వల్పము.

మద్రాసు మన ఉమ్మడి రాజధానిగా నున్న కాలమున తెలుగువారు మౌంటు రోడ్డున తిరుగునపుడు రెండు ఇంగ్లీషు విగ్రహములు కనబడెడివి. ఒకటి సేనాని నీల్‌ది. 1857లో మద్రాసు ఫ్యూజిలియర్ల పటాలమును వెంటబెట్టుకొని పోయి, కాశీలోను అలహాబాదులోను దారిపొడవున చెట్లకు జనమును ఉరివేయించినవాడితడు. కాన్పూరులో బందీలచేత రక్తపు మరకలను నాకించి, ఆ మీదట ఉరితీయించినవాడును ఇతడే. తిరుగుబాటు వెల్లువను మొదట నడ్డగించిన వీరుడని విగ్రహము అతనిని పొగడెను. 1927లో యువకులు సుత్తులు, గొడ్డళ్లు పట్టి ఆ విగ్రహము మీదికి పోయి జైలు పాలైరి. గాంధీజీ వారికి అహింసాబోధ చేయుచునే, వారి కోరికను సమర్థించెను. చివరకు 1937లో రాజాజీ మంత్రివర్గము దానిని వీధినుండి తొలగించినది; ఇప్పుడది ఎగ్మూరు మ్యూజియములో నున్నది. మ్యూజియములోనికి పోయిన విగ్రహము పూజ్యత్వమును కోల్పోయి సాక్ష్యమగును. వీధిలో నున్నప్పుడు అది "నన్ను గౌరవింపుము" అనును. మ్యూజియములో "నన్ను పరీక్షింపుము" అనును. పగులగొట్టియుంటే ఆ సాక్ష్యముకూడ పోయెడిది గనుక, సుత్తి పట్టిన యువకుల ధర్మాగ్రహమునకు తలవంచుచునే, విగ్రహము మిగిలినందుకు నేను సంతసింతును.

రెండవ విగ్రహము సర్ థామస్ మన్రోది. 1839లో ప్రతిష్ఠించిన ఈ విగ్రహమున గుఱ్ఱమునకు జీను లేదు, రికాబులు లేవు. దీనిని తీసివేయుమని ఉద్యమము రాలేదు. నేటికిని ఐలెండు దగ్గఱ నడిరోడ్డున నున్నది. కారణము తెలియవలెనన్న రాయలసీమకు రావలెను. 1800లో నిజాము దత్తమండలములను కంపెనీకి వదలుకొన్నప్పుడు మన్రో ఇక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చి, ఏడేండ్లు ఊరూర గుడారము వేసికొని తిరిగి, రైతుతో నేరుగా మాటలాడి శిస్తు నిర్ణయించెను. 1827లో పత్తికొండ దగ్గఱ కలరా సోకి మరణించెను. సీమలో తల్లిదండ్రులు బిడ్డలకు ఆయన పేరు పెట్టుకొన్నారు. ఒక పరాయిదొర పేరు ఊయలలోనికి ఎక్కుట సామాన్యమైన సంగతి కాదు. దానిని తక్కువ చేయుట రైతు వివేకమును తక్కువ చేయుటయే.

అయితే ఆ దత్తమండలములందే మఱియొక స్మారకము నుండెను. దానిని ఏ శిల్పియు చెక్కలేదు. పాళెగాండ్ర బలమును మన్రో అణచిన పిమ్మట, తమ వంశమునకు రావలసిన భరణము విషయమై కడుపు మండి, 1846లో కత్తి పట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసిరి. ఉరితీయుటతో తృప్తి చెందక, ఆయన తలను కోటగుమ్మమునకు వ్రేలాడగట్టిరి. 1877 వరకు, ముప్పది యేండ్లు, అది అక్కడ నుండెను. ఉరినాడు పుట్టిన బిడ్డ పెరిగి, పెండ్లాడి, తన బిడ్డల చేయిపట్టుకొని ఆ గుమ్మము దగ్గఱకు వచ్చునంత కాలమది. ప్రజల మనస్సునందు ఒక భయమును నాటి, ఆ భయము వాడిపోకుండ దినదినము నీరు పోయుటయే స్మారకపు పని యైనచో, సామ్రాజ్యము మన దేశమున నిలిపిన స్మారకములన్నిటిలో ముసుగు లేనిది అదియే. మన్రో గుఱ్ఱమును చూచి మెచ్చుకొనునప్పుడు కోవెలకుంట్ల గుమ్మమును తలపునకు తెచ్చుకొనుట మన విధి. సీమవాసులు ఆ పని ఎప్పుడో చేసిరి: రెడ్డి కథను జానపదులు గొంతులో దాచుకొన్నారు. రాయి దొరకనివారికి పాటయే రాయి.

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనమును గూర్చి రెండు మాటలు చెప్పి ముందునకు పోయెదను. నిజాము సొమ్ముతో, 1803 ప్రాంతమున, రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ సౌధము, మెట్లకు రెండు ప్రక్కల సింహములతో, ఎత్తైన స్తంభములతో, చూచువాని మనస్సును నేటికిని లొంగదీయును. 1949 మొదలు అది ఆడుపిల్లల కళాశాలయై, సింహముల నడుమ విద్యార్థినులు పుస్తకములు చంకనుంచుకొని నడచిరి. సామ్రాజ్యభవనమునకు ఇంతకన్న మంచి ప్రాయశ్చిత్తము నాకు తోచదు. కిర్క్‌పాట్రిక్కు, ఖైరున్నిసా బేగమునకు జరిగిన ప్రేమకథ అక్కడికి పోయినవారందఱికిని తెలియును. 1857 జూలై 17న ఆ గోడల మీదికి తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను తమ జనముతో దండెత్తివచ్చిన సంగతి ఎందఱికి తెలియును? ఖానును చంపి అతని కళేబరమును బహిరంగముగా వ్రేలాడదీసిరి. మౌల్వీ అండమానులో జీవితము చాలించెను. వారి జ్ఞాపకార్థము కోఠీలో చిన్న స్తంభము కలదు. బస్సు కొఱకు పరుగెత్తువారు దానిని చుట్టి పోవుదురు. సుందరమైన కట్టడము తన సౌందర్యముచేతనే జ్ఞాపకములో పెద్దపాలు లాగుకొనును. ప్రేమకథ భవనములో నిలిచినది, పోరాటము బస్టాండు దుమ్ములో నిలిచినది.

ఇప్పుడు గోదావరి దగ్గఱకు వత్తము. నా మనస్సు మొదటినుండి ఇటే లాగుచున్నది.

నందన సంవత్సరపు కరవు, అనగా 1832–33 నాటిది, గుంటూరు సీమను శ్మశానము చేసినది. ఐదులక్షల జనములో రమారమి రెండులక్షలమంది చచ్చిరని నాటి అంచనా. గోదావరి మండలముకూడ కరవులకు, తుపానులకు చిక్కి, నది నిండుగా పారుచుండగనే పొలములు బీడువాఱి, జనము వలసపోయి, కంపెనీ శిస్తు రాబడి పడిపోయినది. ఇట్టి దశలో సర్ ఆర్థర్ కాటన్ అను ఇంజినీరు తంజావూరు సీమలో చోళులు కట్టిన కల్లణైను పరిశీలించి, అడుగు తెలియని ఇసుకలో పునాది నిలుపు ఉపాయమును ఈ దేశపు పాతకాలపు పనివారినుండి నేర్చుకొంటిమని తానే ఒప్పుకొని, ధవళేశ్వరము దగ్గఱ గోదావరికి ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమును పట్టుపట్టి ఒప్పించెను. 1847లో ఆరంభమైన పని 1852కు ముగిసినది. వీణెం వీరన్న అను తెలుగువాడు ఆ పనిలో కాటనుకు కుడిభుజమై నిలిచెను. నేడు ఆ స్థలమున కాటన్ పేరిటి బ్యారేజి పది లక్షల ఎకరములకు నీరు పారించుచున్నది.

కాటన్ విగ్రహములను లండను నుండి ఓడలో తేలేదు. ఏ వైస్రాయియు తెరలాగి ఆవిష్కరింపలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, చక్రవర్తుల విగ్రహములు పీఠములు దిగుచున్న కాలములోనే, గోదావరి పల్లెలలో రైతులు చందాలు వేసికొని ఆయన విగ్రహములను పీఠము లెక్కించిరి. ఆయనను భగీరథునితో పోల్చు సంస్కృతశ్లోకము నదీతీరపు పురోహితుల నోట స్నానసంకల్పములో వినబడును. సామ్రాజ్యపు ఉద్యోగికి, సామ్రాజ్యమును వెళ్లగొట్టిన ప్రజలు, ఎవరి బలవంతమును లేకుండ పెట్టిన దండము గనుక ఈ స్మారకము తక్కినవానివంటిది గాదు. అదే పల్లెలలో, అదే కూడలిలో, విల్లు పట్టిన అల్లూరి సీతారామరాజునుకూడ చూడవచ్చును. 1882 నాటి అటవీ చట్టము మన్యమువారి పోడునకు అడ్డము రాగా, వారి పక్షమున నిలిచి 1922లో పోలీసు ఠాణాల మీదికి పోయిన రాజును, 1924 మే 7న కొయ్యూరులో కాల్చిచంపిరి. కాటన్ పుట్టినది 1803 మే 15. కనుక మే నెలలో, ఎనిమిది దినముల యెడముతో, రాజునకును దొరకును ఆ ఊళ్లలో పూలదండలు పడును. పైనుండి చూచువారికి ఇది వైరుధ్యముగా తోచవచ్చును. నాకు మాత్రము ఇది మన రైతు తూకము తప్పని తక్కెడగా తోచును: నీరిచ్చిన చేతిని, అడవి లాగుకొన్న ఏలుబడిని అతడు వేఱువేఱుగా తూచగలడు.

అయినను ఈ తక్కెడలోకూడ ఒక వైపు తేలిక. నీరిమ్మని కాటన్ వాదించినది కరుణతోనే కావచ్చును గాని, కంపెనీ ఒప్పుకొన్నది శిస్తు పెరుగునన్న లెక్క చూచి. నందన కరవులో గింజ లేక చచ్చినవారి పేరిట గుంటూరులోగాని, గోదావరిలోగాని, అందఱును చేరి దండము పెట్టు రాయి ఒక్కటియు నే నెఱుగను. ఆనకట్ట కాటన్ కట్టెనందుము. కట్టినవారు వేలకొలది కూలీలు. ధవళేశ్వరపు కొండను పగులగొట్టి, బండ్లలోను పడవలలోను రాళ్లు చేర్చి, మోకాటిలోతు వండ్రులో నిలబడి పేర్చినవారు వారు. వడదెబ్బకు పడిపోయినవారు, జ్వరములకు పోయినవారు వారిలో ఎందఱో. పీఠముమీద ఒక్క పేరుకు చోటుండును. వేయి పేర్లకు ఉండదు. గుఱ్ఱమెక్కిన విగ్రహమును చూచి చూచి, ఒక్క మనిషి నదిని ఆపెనని మనముకూడ నమ్మితిమి.

కిందటి వేసవిలో ధవళేశ్వరములో ఒక సాయంకాలము, పాత లాకుల గోడ ప్రక్కన చాలసేపు కూర్చుంటిని. కాలువలో నీరు తగ్గియుండుటచేత అడుగువరుస రాళ్లు బయటపడినవి. దగ్గఱకు దిగి చేయిపెట్టి చూచితిని. నీటి ఒరపిడికి అంచులు నున్నబడినను, రాతి మొగమున ఉలిగాట్లు వరుసగా, వేలికి తగులునంత లోతుగా నున్నవి. ఒక రాతిమీద గాట్లు కుడికి వాలియుండగా దాని ప్రక్క రాతిమీద ఎడమకు వాలియుండెను. రెండింటిని ఇద్దరు వేఱువేఱు పనివారు చెక్కిరో, లేక చేయి నొచ్చి ఒక్కడే ప్రక్క మార్చుకొనెనో. లాకు మనిషి గట్టుమీదనుండి, "చీకటి పడుతున్నది, పైకి రండి, నాచు జారును" అని కేక వేసెను.